ఎకరానికో జేబు

మా అవ్వ కుట్టిన బొంత ఎంత మందంగా ఉండేదంటే, ఒక ఏడు దీపావళికి అందులో దూరిన తేలుకు బయటికి దారి దొరకలేదు. లోపలే తిరిగి తిరిగి, అక్కడే పెళ్లి చేసుకుని, ఉగాది దాటాక ముసలిదై బయటపడింది. వెనక పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మా అవ్వకు దండం పెట్టి గోడ దాటి పోయింది.

పెళ్లయిన కొత్తలో ఈ సంగతి చెప్తే మా ముత్యమ్మ నవ్వలేదు. బొంత అంచు వేళ్లతో పట్టి చూసి, "మీ అవ్వ కుట్టు గంత వదులుండెనా, తేలు దూరేటంత?" అంది. ఈమె దగ్గర నా కతలు చెల్లవని అప్పుడే తెలిసి ఉండాల్సింది. నాలుగో తరగతితో ఆగిన బుర్ర నాది. తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు చెప్పేది ముత్యమ్మ కుట్టిన బొంత సంగతి. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం.

పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. అప్పటికే మా రెండెకరాల చెలక పోయింది. జొన్నలు పండిన చోట ఇనుప పైపుల కంపెనీ లేచింది. భూమి పోయిన ఇంటికో నౌకరి అన్నారు. నన్ను ఎగాదిగా చూసి, నీకు వయసు మీరింది పొమ్మన్నారు. మా తమ్ముడు చిన్నరాములును తీసుకున్నారు. వాడు మొదటి రోజు ఖాకీ డ్రెస్సు వేసుకుని ఇంటికొస్తే, చొక్కాకు చెరోవైపు ఒక జేబు, జేబు మీద ఎర్ర దారంతో కంపెనీ గుర్తు. "రెండెకరాలు ఇచ్చి రెండు జేబులు తెచ్చుకున్నం. ఎకరానికో జేబు. ఖాళీగుంటే ఏంది, జేబైతే ఉన్నది గద!" అని నేను ఊరంతా చెప్పి నవ్వించాను. ముత్యమ్మ మాత్రం ఆ చొక్కాను రోజూ రాత్రి ఉతికి, పొద్దున చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి ఇచ్చేది.

చిన్నరాములు నాకు తమ్ముడే గానీ ఆమెకు కొడుకు. మా అవ్వ చివరి కాన్పు వాడు. ముత్యమ్మ కాపురానికి వచ్చేసరికి వాడికి పాలపళ్లు ఊడుతున్నాయి, అవ్వ మంచం పట్టి ఉంది. తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు. వాడికి తలకు పోసిందీ, బడికి తోలిందీ, అరుణమ్మను చూసి పెళ్లి చేసిందీ ముత్యమ్మే. వదినె పెట్టకపోతే వాడికి అన్నం రుచించేది కాదు.

ఆ ఏడు ఉగాది పోయాక కంపెనీలో ఒకాయన చెయ్యి యంత్రంలో నలిగింది. అతనికి ఏదైనా ఇవ్వమని అడగడానికి వెళ్లిన ముగ్గురిని తీసేశారు. ఆ ముగ్గురిలో నాగేశ్వర్ అని చిన్నరాములు దోస్తు ఒకడు. దాంతో మిగతావాళ్లంతా పని ఆపి బయటికొచ్చారు. కంపెనీవాళ్లు గేటుకు తాళం వేశారు. గేటుకెదురుగా టెంటు లేచింది. మా వాడు రోజుకోపూట అన్నానికి ఇంటికొస్తూ, మిగతా కాలమంతా ఆ టెంటు కిందే.

అప్పుడే అరుణమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పుకు రుద్రారంలోని తల్లిగారింటికి పోయింది. బిడ్డ పుట్టాక తొట్టెల వేసే రోజు, పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే రోజు, తండ్రి వైపు నుంచి మేము పోవాలి, చేతినిండా ఏదైనా పట్టుకుపోవాలి. మామూలు రోజులైతే పటాన్‌చెరు అంగట్లో అన్నీ దొరికేవి. ఆ ఎండాకాలం మా ఇంట్లో దొరికేవి పాత సామాన్లు మాత్రమే.

"పాతయి గావు, మెత్తబడ్డయి," అంది ముత్యమ్మ, అటక మీది మూట దించి. "పసిపిల్లకు కొత్త బట్ట గరుకైతది. బొంత కుడత. నువ్వు ఉత్తగ కూసొని ఈగలకు కతలు చెప్పకపోతే ఏదన్న చెయ్యి."

నేను పౌడరు డబ్బాలో చింతగింజలు పోసి, మూతి నొక్కి గిలక్కాయ చేశాను. తర్వాత కొట్టంలో మూలకు పడి ఉన్న నాగలి వైపు చూశాను. చెదలు ఇంకా పట్టలేదు. దాన్ని కోసి పిల్లకు మూడు చక్రాల నడక బండి చేద్దామనుకున్నాను. నేను పట్టి పట్టి నున్నబడిన మేడి, బండికి పిడి అవుతుంది.

బొంత విషయంలో ముత్యమ్మకు ఒక పట్టింపు ఉంది. వాళ్ల అమ్మ నేర్పినది. బొంతలో పడే బట్టను కట్టుకున్నవాళ్లు తమ నోటితో ఇవ్వాలి. అడగకూడదు. తెలియకుండా అసలే తీయకూడదు. "ఇయ్యని బట్ట కోస్తే మనిషిని ఇంట్లకెల్లి కోసినట్టే," అనేది. అందుకని బొంత కుడుతున్నట్టు వాడలో తెలిసేలా వాకిట్లో కూర్చుని సూది పట్టేది. అడగడం కాదు, కనబడడం.

పక్కింటి మొగులమ్మ ముందుగా వచ్చింది, చంకలో చీర పెట్టుకుని.

"ఇగో ముత్యాలూ, నా పెండ్లి చీర. మొగడు పోయిండు గని ఈ చీర పోతలేదు. కుట్టెయ్."

"మంచి రంగున్నది గద మొగులమ్మా, ఉంచుకో," అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో పెద్దరాములూ. నిరుడు నా బర్రె చెరువుల మునిగి సదాశివపేటల తేలిందని చెప్పినవ్. మా అల్లుడు నిజమే అనుకొని బస్సెక్కిండు."

అలా ఒక్కొక్కటీ చేరాయి. నా పంచెలు రెండు, మా అవ్వ చీర ముక్క, ముత్యమ్మ పసుపు బట్టలు. అన్నీ పేర్చి చూస్తే నడుమ మాత్రం ఖాళీ. నడుమకు గట్టి బట్ట పడాలి, అక్కడే పిల్ల పడుకుంటుంది.

ఒకరోజు సాయంత్రం నాగేశ్వర్, ఇంకొందరు మా పందిరి కింద కూర్చుని పాలు లేని చాయ తాగుతున్నారు. కొందరు మెత్తబడుతున్నారనీ, దొంగచాటుగా మేనేజరును కలిసి వస్తున్నారనీ మాట వచ్చింది. చిన్నరాములు దిగ్గున లేచి లోపలికి పోయాడు. చిలక్కొయ్యకున్న ఖాకీ చొక్కా తెచ్చి ముత్యమ్మ ఒళ్లో వేశాడు.

"వదినె, తీస్కో. ఆ ముగ్గురిని లోపటికి తీస్కోందాక నేను ఈ డ్రెస్సు ఎయ్య. బొంతల కుట్టు. నా బిడ్డ దీని మీద ఉచ్చ పోయాలె!"

అందరూ గొల్లున నవ్వారు. నాగేశ్వర్ లేచి వాణ్ని కౌగిలించుకున్నాడు. ముత్యమ్మ మొహం వెలిగిపోయింది. అయినా ఆమె కత్తెర పట్టలేదు. ఆ చొక్కాను ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ చిలక్కొయ్యకే తగిలించింది.

"ఇచ్చిండు గద, ఇంకెందుకు ఆగినవ్?" అన్నాను.

"కోపంల ఇచ్చిండు. కోపం సల్లారినంక గూడ ఇస్తడా, చూస్త."

వారం దాటాక వాడే ఆ చొక్కాను చూసి అడిగాడు. "ఏంది వదినె, ఇంకా కొయ్యలేదా? నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

అన్నం వడ్డిస్తున్న ఆమె చేయి ఆగింది. వాడు నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ఆమెకు ఎక్కడో తాకింది. మరునాడు పొద్దున్నే చొక్కా కుట్లు విప్పింది. ముందు రెండు ముక్కలూ జేబులతో సహా నడుమ పెట్టింది. వీపు ముక్క వాటి కింద. ఒక చేయి ఒక పక్కకు వేసింది. రెండో చేయి మిగిలితే నా మీదికి విసిరి, "నీ బండి పిడికి చుట్టు. కట్టె పట్టుకుంటే పిల్ల అరచేతులు కందుతయ్," అంది. నేను మేడికి ఆ ఖాకీ గుడ్డ చుట్టి, మేకులు కనబడకుండా కొట్టాను.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టిందని రుద్రారం నుంచి కబురు వచ్చింది. నేనూ చిన్నరాములూ బస్సెక్కి వెళ్లాం. పిల్ల చిన్నది, పిడికెడు. వాడు ఎత్తుకోవడానికి భయపడ్డాడు. అరుణమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, బాగా నీరసపడింది. వాళ్ల నాన్న బయట అరుగు మీద బీడీ కాలుస్తూ, మమ్మల్ని చూడకుండానే అన్నాడు.

"అల్లుడా, టెంటు కింద కూసుంటే పిల్లకు పాలు వస్తయా?"

చిన్నరాములు చెప్పులు తొడుక్కుని రోడ్డు వైపు నడిచాడు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, నాగలి కోసినప్పుడు నీకేమనిపియ్యలేదా?"

"ఏమనిపిస్తది రా? ఎడ్లు వచ్చి నా కాళ్ల మీద పడి ఏడ్చినయ్. చెరి ఒక బీడీ ఇచ్చి తోలేసిన."

వాడు నవ్వాడు. ఇంకేం అడగలేదు. వాడు నన్ను ఏం అడిగాడో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాను. బస్సు మాత్రం అప్పుడే మా స్టేజీ దగ్గర ఆగింది, దిగాం.

మృగశిర దగ్గరపడింది. ఒక సాయంత్రం మైకు కట్టిన ఆటో ఒకటి ఊళ్లన్నీ తిరిగింది. రేపు పొద్దున సైరన్ కల్లా కంపెనీ డ్రెస్సులో గేటు దగ్గరికి వచ్చినవాళ్లను లోపలికి తీసుకుంటారు, రానివాళ్లు ఇక రానక్కర్లేదు. ఆ ముగ్గురి పేర్లు ఎత్తలేదు. మా ఊళ్లో ఆటోను అడ్డుకుని వెనక్కి తోలినవాళ్లలో ముందున్నది చిన్నరాములే. వాడి గొంతు మా వాకిట్లోకి వినబడింది. "వీని గొంతు సైరన్ కంటె గట్టిగున్నది," అని ముత్యమ్మ మురిసిపోయింది. ఆ రాత్రి దీపం పెట్టుకుని బొంత చివరి కుట్టు వేసింది.

తెల్లవారింది. నేను వాకిట్లో వేపపుల్ల నములుతున్నాను. చిన్నరాములు వచ్చాడు. టెంటు కింద పడుకున్నవాడు అంత పొద్దున్నే ఎందుకొచ్చాడా అనుకున్నాను. నున్నగా గడ్డం గీసుకున్నాడు. తలకు నూనె పెట్టి దువ్వాడు. లుంగీ కట్టుకుని ఉన్నాడు, కాళ్లకు మాత్రం కంపెనీ బూట్లు. నాతో మాట్లాడకుండా లోపలికి పోయాడు. నేను గడప దగ్గరికి పోయి చూశాను. చిలక్కొయ్య దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడున్న నా తువ్వాలు తీశాడు, దాని వెనక చూశాడు, మళ్లీ తగిలించాడు.

పొయ్యి దగ్గర నుంచి ముత్యమ్మ వచ్చింది. "ఏం దేవులాడుతున్నవ్ రా చిన్నా?"

"అగ్గిపెట్టె, వదినె."

"అగ్గిపెట్టె పొయ్యి కాడ ఉంటది గని చిలక్కొయ్యకుంటదా? ఆగు, నీకొకటి చూపిస్త." ఆమె గబగబా పోయి బొంత తెచ్చి మంచం మీద పరిచింది. "రాత్రే అయిపోయింది. చూడు, రెండు జేబులు గూడ ఉంచిన. నీ బిడ్డ పెద్దగైనంక పుట్నాలు పోసుకుంటది."

వాడు వంగి చూశాడు. ఒక జేబులో చేయి పెట్టాడు. ఆ చేయి చాలాసేపు అందులోనే ఉంది.

"మంచిగున్నది వదినె," అన్నాడు.

"చాయ తాగిపో."

"ఒద్దు. అక్కడ ఎదురు చూస్తుంటరు."

నా పక్కనుంచి దిగి పోయాడు. కంపెనీ దారి కుడివైపు. వాడు ఎడమవైపు, రోడ్డు దిక్కు పోయాడు. సైరన్‌కు ఇంకా కొంత టైముంది. నేను పుల్ల పారేసి బయల్దేరాను. బొంబాయి రోడ్డు కింద కాలువ పోయే మోరీ గోడ మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. నేనూ కూర్చున్నాను. లారీలు పోతున్నాయి. మా ఊరి దారిలో నుంచి ఖాకీ చొక్కాలు ఒకటొకటిగా కంపెనీ వైపు నడుస్తున్నాయి. నిన్న ఆటోను వెనక్కి తోలినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాడు లెక్కపెడుతున్నట్టు చూశాడు. సైరన్ మోగింది.

ఇంకొకరి చొక్కా అడిగి తెచ్చుకోవచ్చు కదా అని మీకనిపించవచ్చు. అడిగితే ఎందుకో చెప్పాలి. వాడు ఆ పొద్దు ఎక్కడికి పోదామనుకున్నాడో ముత్యమ్మకు కూడా చెప్పలేకనే అగ్గిపెట్టె అన్నాడు.

తొలకరి వానకు టెంటు కూలింది, మళ్లీ ఎవరూ లేపలేదు. నాగేశ్వర్ ఎటో పోయాడు. బయట మిగిలినవాళ్లు బయటే మిగిలిపోయారు.

తొట్టెల రోజు మేము బొంత, బండి, గిలక్కాయ పట్టుకుని రుద్రారం పోయాం. బొంత పరిస్తే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. జేబులున్న బొంతను ఎవరూ చూడలేదట. పిల్లకు శకుంతల అని పేరు పెట్టి బొంత మీద పడుకోబెట్టారు. పిల్ల సరిగ్గా నడుమ ఖాకీ మీదే ఉచ్చ పోసింది. ఆనాడు మా పందిరి కింద వాడన్న మాట అక్కడిదాకా పాకి ఉన్నట్టుంది, ఎవరో చప్పట్లు కొట్టి, "మాట నిలబెట్టుకున్నవ్ అల్లుడా!" అన్నారు. అంతా నవ్వారు. చిన్నరాములూ నవ్వాడు. ఆ నవ్వు చూసినవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను.

"నాలుగు రోజులుండి వస్త అన్నా," అన్నాడు మేము బయల్దేరేటప్పుడు.

ఆ నాలుగు రోజులు అయిపోలేదు. అక్కడే ఇటుక బట్టీలో పనికి పోయాడు, తర్వాత వేరే కంపెనీలో కాంట్రాక్టు కింద లోడింగు. ఆ పనికి డ్రెస్సు ఇవ్వరు. మా ఇంటికి రాడని కాదు. పండగకో చావుకో వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, వదినె ఇచ్చిన నీళ్లు తాగి, పొద్దుండగానే బస్సుకు పోయేవాడు. లోపలి అర్రలోకి మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు. ముత్యమ్మ వాడి కోసం గిన్నె మీద మూత పెట్టి ఉంచేది. అది చల్లారేది.

"ఎందుకు వస్తలేడు?" అని ఆమె మొదటి ఏడాది అడుగుతూ ఉండేది. నేను నా పని చేశాను. మామకు కాళ్లు పట్టేశాయన్నాను. వీడు లేకపోతే అక్కడ ఇల్లు కదలదన్నాను. వాళ్ల బర్రె పాలు పిండితే నురగ ఎగిరి దూలానికి తగులుతుందనీ, దూలానికి పట్టిన మీగడ గీకడానికే ఒక మనిషి కావాలనీ, ఆ పని మనవాడిదేననీ చెప్పాను. ఆమె వినేది. తల ఊపేది. క్రమంగా అడగడం మానేసింది. నమ్మిందనుకున్నాను. నా కతల్లో ఇదొక్కటైనా అక్కరకు వచ్చిందని లోలోపల సంతోషపడ్డాను కూడా.

చాలా ఏళ్లకు, రుద్రారంలో పెద్ద కాలేజీ, హాస్టళ్లు లేచాక, అక్కడ వంటకు పోతున్న అరుణమ్మ ఒకరోజు మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి బొంత తీసింది. అంచులు పీలికలయ్యాయి, ఖాకీ వెలిసి మట్టి రంగుకు తిరిగింది.

"శకుంతల ఇంత పెద్దగైంది గని, ఇది కప్పుకుంటేనే నిద్రపోతది అక్కా. పారెయ్యబుద్ధి గాలే. నీ కుట్టు నాకు రాదు. జెర బాగు చెయ్యి."

"మా చిన్న ఎట్లున్నడు?" అంది ముత్యమ్మ.

"నడుం నొప్పి. ఇది నీ కాడికి తెస్తున్న అంటే, బయటికి పోయి నిలబడ్డడు."

అరుణమ్మ పోయాక ముత్యమ్మ కళ్లజోడు పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి ఆమె ఖాకీ ముక్కలన్నీ విడదీసి, మంచం మీద పేర్చి ఉంది. ముందు రెండు ముక్కలు, వాటి కింద వీపు, ఒక పక్కన చేయి. చొక్కా లాగే ఉంది, ఎవరో వేసుకోవడానికి సిద్ధంగా పెట్టినట్టు. ఆమె దాన్ని అరచేత్తో సాపు చేస్తోంది, వెనకటి రోజుల్లో నిప్పుల చెంబుతో చేసినట్టు.

"మల్ల అంగీ కుడతవా ఏంది?" అన్నాను నవ్వుతూ.

ఆమె తలెత్తలేదు.

"బూట్లేసుకొని అగ్గిపెట్టెకు ఎవడొస్తడయ్యా?" అంది.

దూలానికి తగిలిన నురగ, గీకిన మీగడ, మామ కాళ్లు, అన్నీ ఆ మంచం మీద చొక్కా పక్కన వరసగా పడుకున్నట్టు అనిపించింది.

"తెలిసి గూడ అడగలేదా వాణ్ని?"

"అడిగితే వాడు ఒప్పుకోవాలె. వానికి ఆ బాధ పెట్టొద్దనుకున్న." కొంచెం ఆగి అంది. "నోటితోని ఇచ్చిండనుకున్న. ఇచ్చింది నాగేశ్వర్ ముంగట. ఇంకొన్ని దినాలు ఆగవల్సింది."

ఆమె ఖాళీగా ఉన్న పక్కను వేలితో చూపించింది.

"ఈ చెయ్యి ఏడ పోయింది? నేను తియ్యలేదే. అందులనే ఉండాలె."

"నువ్వే నా మీదికి ఇసిరినవ్. బండి పిడికి చుట్టిన. పిల్ల అది పట్టుకోనే నడక నేర్సింది."

ఆమె కళ్లజోడు తీసి నా మొహంలోకి చూసింది.

"ఇది నిజమేనా?"

ఇన్నేళ్ల కాపురంలో నా మాట మీద ఆమె అలా అడగడం అదే మొదలు.

"నిజమే," అన్నాను.

ఆమె ఖాళీగా ఉన్న ఆ చోటును అరచేత్తో ఒకసారి తడిమింది. తర్వాత జేబుల ముక్కలు రెండూ తీసి, మళ్లీ బొంత నడుమనే పెట్టి, సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చింది.